వేడికి తాళలేనివారితో వేసవి ప్రయాణము

ఆదోని నుండి ఎమ్మిగనూరు మీదుగా కర్నూలునకు సుమారు నూరు కిలోమీటర్లు. మే నెలలో ఈ దారిన పగటిపూట పోవుట ఆరోగ్యవంతులకే ప్రయాస. రోగిని పెద్దాసుపత్రికి తీసికొనిపోవు కుటుంబమునకు అది యొక గండము. పశ్చిమ కర్నూలు ప్రాంతమున వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సామాన్యము. ఇట్టి రోగులు మనలో ఎవరి యింటనైనను ఉండవచ్చును. కావున వాహనమును చల్లగా ఉంచు విధమును భౌతికశాస్త్రము సాయముతో కొంత విచారింపదలచితిమి.

మన దేహపు లోపలి వేడి 37 డిగ్రీలు, చర్మముది సుమారు 35. గాలి చర్మము కంటె చల్లగా ఉన్నంతవరకు దేహము తన వేడిని గాలికి అప్పగించగలదు. గాలి 42 డిగ్రీలకు చేరినపుడు ఈ వ్యవహారము తలక్రిందులగును. గాలియే దేహమునకు వేడి నిచ్చును. అప్పుడు మిగిలిన దారి చెమట యొక్కటే. ఆ దారియు మూసుకొనిపోయినవారు కలరు. వెన్నుపాము పైభాగమున దెబ్బ తగిలినవారికి దెబ్బకు దిగువను చెమట సరిగా పట్టదు. పసిపిల్లలకు, వృద్ధులకు ఆ శక్తి తక్కువ. మానసిక వ్యాధుల మందులు కొన్ని, అలర్జీ మాత్రలు కొన్ని చెమటను తగ్గించును. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నరముల వ్యాధి కలవారికి ఒంటి వేడి కొద్దిగా పెరిగినను చూపు మసకబారవచ్చును, కాళ్ళు పట్టు తప్పవచ్చును. జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లో దీనిని వర్ణించెను.

పుట్టుకతోనే స్వేదగ్రంథులు లేనివారు, బహు కొద్దిగా కలవారు కూడ ఉన్నారు. ఛార్లెస్ డార్విన్ 1875 నాటి తన గ్రంథ ముద్రణలో సింధు దేశపు కుటుంబము నొకదానిని ప్రస్తావించెను. అందు నాలుగు తరములలో పదిమంది పురుషులకు రెండు దవడలకు కలిపి ముందుపండ్లు నాలుగు, వెనుక దవడపండ్లు ఎనిమిది మాత్రమే. వేసవిలో చర్మము ఎండి వారు మిక్కిలి బాధపడెడివారు. వారి రోగమునకు ఆనాడు పేరు లేదు. అట్టి బిడ్డలు నేడును పుట్టుచున్నారు, బస్సులలోను ఆటోలలోను ప్రయాణము చేయుచున్నారు.

“కిటికీలు తెరువుడు, గాలి వచ్చును” అని అందరు చెప్పుదురు. చెమట పట్టువానికి ఆ మాట నిజము. చెమట పట్టనివానికి 42 డిగ్రీల గాలి వేగముగా తగులుట కొలిమి తిత్తి ముందు కూర్చుండుట వంటిది. గాలి ఎంత వేగముగా వీచిన అంత వేడిని దేహమునకు మోసికొని వచ్చును. తెలుగువారు వడగాలి యనునదియు, ఉర్దూ మిత్రులు లూ యనునదియు ఇదియే. అయితే దేహముపై తడిబట్ట ఉన్నచో ఆ గాలియే మిత్రుడగును. చెమట చేయవలసిన పనిని నీరు చేయును.

ఇందలి లెక్క గమనింపదగినది. ఒక గ్రాము మంచు కరుగుటకు 80 కేలరీల వేడి కావలెను. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీలు. అనగా బట్ట మీద ఆరిన లీటరు నీరు, ఏడు కిలోల మంచు చేయు పనిని చేయును. గాలి 42 డిగ్రీలు, అందలి తేమ 20 శాతము ఉన్నపుడు, గాలి తగులుచున్న తడిబట్ట 24 డిగ్రీల వరకు దిగగలదు. మచిలీపట్నములో ఇంత ఫలితము రాదు, అచటి గాలి తేమతో నిండియుండును. మన సీమ పొడిగాలి ఈ ఒక్క విషయమున మనకు మేలు చేసినది. మన పెద్దలు వాకిళ్ళకు వట్టివేళ్ళ తట్టీలు కట్టి నీరు చల్లినది ఇందులకే. ఉర్దూలో ఆ వేళ్ళను ఖస్ అందురు. అమెరికా ఎడారి రాష్ట్రములలో 1940, 1950 దశకములలో కారు కిటికీకి తగిలించిన నీటి గొట్టములును ఈ సూత్రముననే పనిచేసినవి.

కావలసిన సామగ్రి స్వల్పము: రెండు దళసరి నూలు తువాళ్ళు, అయిదు లీటర్ల నీరు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరున నూలు తువాలు దొరకుట కష్టము కాదు. పాలియెస్టరు బట్ట నీటిని పీల్చుకొనదు. మెడ, చంకలు, తొడలు తడుపవలెను. తువాలు ఆరకముందే మరల తడుపవలెను. స్పర్శ తెలియని కాళ్ళపై మంచుగడ్డలు పెట్టరాదు, చర్మము చెడును. మూత్రపిండముల వ్యాధి కలవారు త్రాగు నీటికి వైద్యులు పరిమితి విధింతురు. వారిని బలవంతముగా త్రాగించుటకంటె ఒంటిని తడుపుట క్షేమము.

మూసిన కారు సంగతి వేరు. ఎండ అద్దమును దాటి లోనికి వచ్చును; సీట్లు వేడెక్కి వెలువరించు కిరణములు మాత్రము అద్దమును దాటి పోలేవు, వేడెక్కిన గాలియు బయటికి పోలేదు. 2005లో ప్రచురితమైన స్టాన్‌ఫర్డ్ వైద్యుల పరిశోధనలో, ఎండలో నిలిపిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీల వేడి పెరిగినది. అందులో 80 శాతము మొదటి అరగంటలోనే. కిటికీ కొద్దిగా దింపి ఉంచుట వలన చెప్పుకోదగిన ప్రయోజనము కలుగలేదు. మందులషాపు ముందు బండి నిలిపి “ఇప్పుడే వత్తును” అని రోగిని లోపల వదలిపోవుట ఎంతటి ప్రమాదమో ఇందువలన తెలియును. మా అభిప్రాయమున డ్రైవర్లందరును మొదట నేర్వవలసిన పాఠమిది.

రంగు విషయము. 2011లో ప్రచురితమైన కాలిఫోర్నియా పరిశోధనలో నల్ల కారును, వెండి రంగు కారును ఎండలో ప్రక్కప్రక్కన నిలిపి కొలిచిరి. వెండి రంగు కారు లోపలి గాలి 5, 6 డిగ్రీలు చల్లగా ఉండెను. మన ఆటోల నల్ల రెక్సిను పైకప్పుపై తెల్లబట్ట గాని తడి గోనెపట్ట గాని గట్టిగా కట్టిన, నెత్తి మీది సెగ తగ్గును. అద్దములకు నల్లని ఫిల్ము అంటించుటకంటె నీడన నిలుపుట మేలు. ఎండ వేడిలో సుమారు సగము కంటికి కనబడని కిరణములదే, నలుపు చూచి మోసపోరాదు. పైగా ముందు వెనుక అద్దములు 70 శాతము, ప్రక్క అద్దములు 50 శాతము వెలుతురును లోనికి రానీయవలెనని మోటారు వాహనముల నిబంధన.

ఏ.సి. కలవారు మొదట తలుపులన్నియు తెరచి ఉడుకు గాలిని పోనిచ్చి, కొంతదూరము కిటికీలు దించి నడిపి, తరువాత మూసి లోపలి గాలినే త్రిప్పునట్లు మీట పెట్టవలెను. రోగి కూర్చుండుటకు పూర్వమే ఇది జరుగవలెను. ఏ.సి. నడుమ దారిలో చెడవచ్చును గనుక తువాళ్ళు, నీరు అప్పుడును వెంట ఉండవలెను.

అన్నిటికంటె చౌకయైన ఉపాయము వేళ. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆదోనిలో బయలుదేరినవారు ఎండ ముదరకముందే కర్నూలు చేరుదురు. తిరుగు ప్రయాణము సాయంత్రము ఆరు దాటిన పిమ్మట పెట్టుకొనవలెను. నడిమి గంటలు ఆసుపత్రి నీడన గడపుట నయము.

వెంట జ్వరమాపక మొకటి ఉండవలెను. చెమట పట్టనివాని ముఖము చూచి ఒంటి వేడి తెలిసికొనలేము. ఉష్ణోగ్రత 38.5 దాటిన బండిని చెట్టు నీడన ఆపి, ఒళ్ళంతయు తడిపి విసరవలెను. మాట తడబడినను, సంబంధములేని మాటలు పలికినను, స్పృహ తప్పినను అది వడదెబ్బయే యని తలచి, నోట నీరు పోయక, తడుపుచునే దగ్గరి ఆసుపత్రికి నడిపింపవలెను. అది ఎమ్మిగనూరైన ఎమ్మిగనూరే, కర్నూలు దాక ఆగరాదు.