తగవు తీర్చడం కూడా ఒక చదువే!



నేను ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో బోరింగు దగ్గర బకెట్ల వరస కోసం రోజూ గొడవే. ఒకసారి చేతులదాకా వచ్చింది. ఒక సీనియర్ అన్న ఇద్దరినీ కూర్చోబెట్టి, తప్పెవరిదని అడగకుండా ‘మీకేం కావాలి?’ అని అడిగాడు. ఒకడికి తెల్లారకముందే స్నానం కావాలి. ఇంకొకడికి బట్టలు ఉతుక్కోవాలి. వేళలు మార్చుకున్నారు, గొడవ పోయింది. ఆ అన్న చేసిన పనిని మీడియేషన్ అంటారని లా చదివేటప్పుడు తెలిసింది.

వివాద పరిష్కారం అంటే?

కోర్టు తీర్పుదాకా పోకుండా తగవు తీర్చే పద్ధతులను ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం అంటారు. ముఖ్యమైనవి మూడు.

1. ఆర్బిట్రేషన్: ఇరుపక్షాలు ఒప్పుకున్న వ్యక్తి వాదనలు విని తీర్పు (అవార్డు) ఇస్తాడు. దీనికి 1996 చట్టం ఉంది.

2. మీడియేషన్: మధ్యవర్తి తీర్పు చెప్పడు, మాట్లాడిస్తాడు. ఒప్పందం ఇరుపక్షాలదే. 2023లో దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది.

3. లోక్ అదాలత్: 1987 న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద నడుస్తుంది. ఇక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దానిపై అప్పీలు లేదు. కోర్టులో ఉన్న కేసు ఇక్కడ రాజీ అయితే, కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది.

ఎలా చదవాలి?

డిగ్రీ అయినవారు లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్.ఎల్.బి.లో చేరవచ్చు. ఇంటర్ తర్వాత ఐదేళ్ళ కోర్సు ఉంది. ఎల్.ఎల్.ఎం.కు మన విశ్వవిద్యాలయాల్లో పి.జి.ఎల్.సెట్, నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో క్లాట్ రాయాలి. ఎల్.ఎల్.ఎం.లో వివాద పరిష్కారాన్ని ప్రత్యేకంగా ఎంచుకునే వీలు కొన్నిచోట్ల ఉంది. పి.జి. డిప్లొమాలు కూడా ఉన్నాయి. అయితే స్కాలర్‌షిప్ ఏ కోర్సుకు వర్తిస్తుందో చేరకముందే కనుక్కోండి. చేరాక తెలుసుకుంటే ఫీజు మీ నెత్తిన పడుతుంది.

అవకాశాలు

ఉన్నమాట చెబుతాను. డిప్లొమా ఒక్కటి చేతిలో పెట్టుకుంటే ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ముందు కొన్నేళ్ళు న్యాయవాదిగా పనిచేయాలి. మధ్యవర్తుల జాబితాలో చేరాలంటే అనుభవంతోపాటు శిక్షణ కావాలి. కోర్టు మధ్యవర్తులకు సాధారణంగా 40 గంటల శిక్షణ ఇస్తారు. బ్యాంకులు, బీమా కంపెనీల్లో లా ఆఫీసర్లకు, కార్మిక శాఖ అధికారులకు, కుటుంబ తగాదాల్లో కౌన్సిలర్లకు ఈ చదువు పనికొస్తుంది. హైదరాబాదులో 2021లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం మొదలైంది. అలాంటిచోట ఇంగ్లీషులో రాయడం, మాట్లాడటం బాగా రావాలి. ఇప్పటినుంచే రోజూ ఒక పేజీ రాయండి.

మనమెందుకు చదవాలి?

గట్టు తగాదాలో మా నాన్న ఊరి పెద్దల పంచాయితీకి వెళ్ళాడు. ఎదుటివాళ్ళు మంచం మీద కూర్చున్నారు, నాన్న నిలబడే మాట్లాడాడు. రాజీ అన్నారు, అరగజం పోయింది. కూర్చునే చోటే సమానంగా లేనప్పుడు అది రాజీ కాదు, లొంగుబాటు. మంచి మధ్యవర్తి ముందు కుర్చీలు సమానంగా వేయిస్తాడు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. అన్ని తగవులూ రాజీకి పనికిరావు. చట్టం రాజీకి ఒప్పని నేరాలు లోక్ అదాలత్ పరిధిలోకి రావు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింది నేరాలు అలాంటివే. ‘ఊళ్ళో ఉండాలి కదా, సర్దుకోండి’ అని ఎవరైనా అంటే, మండల న్యాయసేవల కమిటీకి వెళ్ళండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది.

ఆ రోజు పంచాయితీలో చట్టం తెలిసినవాళ్ళు మావైపు ఒక్కరూ లేరు. రేపు మీ ఊళ్ళో ఆ లోటు ఉండకూడదు. బాగా చదవండి.

– మీ పూర్వ విద్యార్థి, న్యాయవాది