పత్రికాక్రయము – యోగక్షేమ విచారము

గ్రంథాలయమునకు పత్రికలు తెప్పించుట క్రయమా, ఉపభోగమాత్రమా అను ప్రశ్న నేడు విచారణీయము. క్రయమువలన కొన్నవానికి ద్రవ్యమునందు స్వత్వము కలుగును, ఉపభోగమువలన కలుగదు. ముద్రితపత్రికల కాలమున ఈ సందేహమునకు తావు లేకుండెను. చందా నిలిపినచో రాబోవు సంచికలు మాత్రమే నిలిచెడివి. వచ్చినవి బైండు చేయబడి బీరువాలలో ఉండెడివి.

ధరల పెరుగుదల క్రొత్తది కాదు. 1991 జూలైలో రూపాయి విలువ రెండుమారులు తగ్గింపబడగా, ప్రచురణకర్త ఒక్క డాలరు పెంచకున్నను విదేశీపత్రికల చందా మన గ్రంథాలయములకు భారమైనది. ఈ భారము మనకే పరిమితమని తలపరాదు. మిక్కిలి సంపన్నమైన హార్వర్డు విశ్వవిద్యాలయము సైతము, కొందరు ప్రచురణకర్తల పత్రికలకే ఏటా సుమారు 37.5 లక్షల డాలర్లు వ్యయమగుచున్నదనియు, ఇది భరింపరానిదనియు 2012 ఏప్రిలులో తన అధ్యాపకులకు తెలిపినది.

దీనికి కారణమేమి? వ్రీహులు లభింపనిచో నీవారములు గ్రహింపవచ్చునని మీమాంసకులు ప్రతినిధిన్యాయము చెప్పిరి. పత్రికల విషయమున అది చెల్లదు. ఒక వ్యాసము కావలసిన పరిశోధకునకు వేరొక వ్యాసము ప్రతినిధి కాజాలదు. కావున విక్రేత చెప్పినదే వెల. పైగా వ్యాసకర్తలును పరిశీలకులును సాధారణముగా ప్రతిఫలము గొనరు. వారి విద్యాసంస్థలే ఆ వ్యాసములను తిరిగి కొనవలెను. తన పెరటి ఆవుపాలను తానే వెలకు తెచ్చుకొనుట యనిన ఇదియే.

విరమణము ఒక ఉపాయము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము 2019లో ఎల్సెవియరు సంస్థతో ఒప్పందము విడిచి, తన ఆచార్యుల వ్యాసములు అందరికిని ఉచితముగా లభించు నియమముతో 2021లో మరల కుదుర్చుకొనినది. సమష్టిక్రయము రెండవ ఉపాయము. 2024 నవంబరు 25న కేంద్రమంత్రివర్గము ఆమోదించిన 'ఒకే దేశము, ఒకే చందా' పథకము ఇట్టిది. 2025 మొదలు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణసంస్థల సుమారు 13,000 పత్రికలు. 6,300కు పైగా సంస్థలు. అయితే దీని ప్రథమదశ ప్రభుత్వనిర్వహణలోని సంస్థలకే ఉద్దేశింపబడినది. ప్రైవేటు యాజమాన్యములోని ప్రాచ్యకళాశాలలు వెలుపలనే నిలిచినవి.

పథకమువలన యోగము, అనగా లేనిది లభించుట, సిద్ధించినది, సందేహములేదు. క్షేమము, అనగా లభించినది నిలుచుట, వేరు విషయము. చందాగడువు ముగిసిన పిదప, వెల చెల్లించిన సంవత్సరముల సంచికలు చదువనిత్తురా? ఈ వాక్యము ఒప్పందపత్రమున ఉన్నదో లేదో గ్రంథపాలకుడు సంతకమునకు పూర్వమే చూడవలెను. లేనిచో చెల్లించినది అద్దె మాత్రమే. తెరపై దొరకుచున్నవి గదాయని, వినిమయముగా వచ్చిన పాత ప్రాచ్యపత్రికల సంపుటములను స్థలాభావముచే తూకమునకు అమ్ముట మాత్రము అప్పటివరకు ఆపవలెను.