ఒక పేట ఓట్ల మొగ్గు: దానిని చదువు విధము



“ఆ ఊరు ఫలానా పార్టీది” యను మాట మనము తరచుగా వినుచున్నాము. ఆ మాటను పట్టుకొని అప్పు దరఖాస్తును, ఎరువుల సరఫరాను గూడ అనుమానించువారు కలరు. కాబట్టి ఒక చోటి మొగ్గు అనగా నేమి, దానిని ఎట్లు తెలిసికొనవలెను అను విషయమును ఇచ్చట విచారింతము. ఇందులకు మేము మన పల్లెను గాక సికిందరాబాదులోని చిలకలగూడను తీసికొనుచున్నాము. మన పల్లెను తీసికొన్నచో చదువరులు లెక్కలను విడిచి మనుష్యులను వెదకుదురు.

చిలకలగూడ రైలు స్టేషనుకు దగ్గరి పేట. రైల్వే ఉద్యోగుల క్వార్టర్లు ఇచ్చట కలవు. శాసనసభ ఎన్నికలకు ఇది సికిందరాబాదు నియోజకవర్గములోనిది. ఆ నియోజకవర్గమున 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి పక్షమున పద్మారావు గెలిచిరి. 2008 ఉపఎన్నికలో తెలుగుదేశము వారగు తలసాని శ్రీనివాసయాదవు, 2009లో కాంగ్రెసు పక్షమున సినిమా నటి జయసుధ, 2014లో మరల పద్మారావు గెలిచిరి. పదేండ్లలో నాలుగు ఎన్నికలు, మూడు పార్టీలు! ఒక్కొక్క ఎన్నిక మరునాడు చూచినవాడు ఆనాటి జెండా రంగునే ఈ చోటి రంగని చెప్పియుండును. 2004 గెలుపునందు మరియొక చిక్కు గలదు. అప్పుడు సమితికిని కాంగ్రెసునకును పొత్తుండెను. పొత్తులో పడిన ఓటు ఎవరిదో తేల్చుట పాలలో కలిసిన నీళ్లను వేరుచేయుట వంటిది.

ఇక లోకసభ సంగతి. సికిందరాబాదు లోకసభ స్థానమున ముషీరాబాదు, అంబర్‌పేట, ఖైరతాబాదు, జూబిలీహిల్సు, సనత్‌నగరు, నాంపల్లి, సికిందరాబాదు అను ఏడు శాసనసభ నియోజకవర్గములు కలవు. 2022లో సమితి తన పేరును భారత రాష్ట్ర సమితిగా మార్చుకొనెను. 2023 నవంబరు 30న శాసనసభకు ఓట్లు పడగా ఈ ఏడింటిలో ఆరు ఆ సమితికే వచ్చెను. పద్మారావును వారిలో ఒకరు. 2024 మే 13న లోకసభకు ఓట్లు పడెను. అదే పద్మారావు అదే పార్టీ పక్షమున నిలిచి మూడవ స్థానమున నుండిరి. భారతీయ జనతాపార్టీ వారగు కిషన్‌రెడ్డి గెలిచిరి. రెండవవారు దానం నాగేందరు. ఆయన 2023లో ఖైరతాబాదున సమితి పక్షమున గెలిచి, ఈసారి కాంగ్రెసు పక్షమున నిలిచినవారు. కిషన్‌రెడ్డియు 2018 డిసెంబరులో అంబర్‌పేట శాసనసభ స్థానమున ఓడి, 2019లో లోకసభకు గెలిచిరి.

ఆరు నెలలైనను నిండకమునుపే జనులు మారిరా? మారలేదు, ప్రశ్న మారినది. వానకాలమున జొన్నయు యాసంగిలో శనగయు వేయువానిని శనగ రైతని మాత్రమే పిలుతుమా? శాసనసభకు ఓటు వేయునపుడు మురుగుకాలువ, పింఛను, పిలిచిన పలుకు మనిషి కంటికి కనబడును. లోకసభకు వేయునపుడు ఢిల్లీ ప్రభుత్వము కనబడును. ఇది మా అభిప్రాయము.

ఐతే, పై లెక్కలు నియోజకవర్గములవి గాని చిలకలగూడవి గావు. ఒక్క పేట మొగ్గు తెలియవలెనన్న ఫారం 20 అను పట్టికను చూడవలెను. అందు ఏ పోలింగు కేంద్రమున ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చినవో వరుసగా నుండును. ఒక యెకరపు మూలనుండి పిడికెడు మన్ను తీసి పొలమంతటి గుణమును చెప్పరాదు గదా. అట్లే ఒక్క ఎన్నిక పట్టిక చాలదు. శాసనసభవి మూడు, లోకసభవి మూడు వేరువేరుగా పెట్టుకొని, ఎంతమంది ఓటు వేసిరో, ఏ పొత్తు ఉండెనో పక్కన వ్రాసికొనవలెను.

ఈ పట్టికవలన కీడును గలదు. కాగితపు ఓట్ల కాలమున పలు పెట్టెల చీట్లను కలిపి లెక్కించు పద్ధతి యుండెను. 2004 లోకసభ ఎన్నికలలో దేశమంతటను యంత్రములు వచ్చెను. యంత్రమున కేంద్రము లెక్క విడిగానే తేలును. చిన్న పల్లెకు ఒకే కేంద్రమున్నచో ఆ పల్లె మొగ్గు బయటపడును. ఓడినవాడును గెలిచినవాడును దానిని చూతురు. అందుచే పలు యంత్రముల లెక్కలను కలిపి ప్రకటింపవలెనని ఎన్నికల సంఘము 2008లోను, న్యాయ సంఘము 2015లోను సూచించిరి. ఆ సూచన ప్రాథమిక సహకార సంఘములవారికి చాల ముఖ్యము. తెలంగాణలో 2020 ఫిబ్రవరి 15న ఈ సంఘములకు జరిగిన ఎన్నికలలో పార్టీ గుర్తులు లేవు. పట్టిక చూచి సభ్యునికి పార్టీ ముద్ర వేసి బాకీ వాయిదాను నిరాకరించినచో, గుర్తు లేకున్నను ఫలము ఒక్కటే.

పట్టికలను పోల్చునపుడు ఒక జాగ్రత్త. పోలింగు కేంద్రముల సంఖ్యలు ఎన్నికకును ఎన్నికకును మారుచుండును. కాబట్టి సంఖ్యను నమ్మక, ఆయా యేటి కేంద్రముల జాబితాను పక్కన నుంచుకొని, వీధుల పేర్లను బట్టి జతపరచవలెను.