వేల పేజీల్లో ఒక్క మాట: కంప్యూటర్‌లో పదసూచిక ఎలా పనిచేస్తుంది?

గౌరవనీయులైన దాతలు ఇచ్చిన కంప్యూటర్లతో మన సొసైటీ శిక్షణ గది నడుస్తోంది. ఎన్ని కంప్యూటర్లు వచ్చాయి, ఎంత ఖర్చయింది అన్న వివరాలు నివేదికలో ఎలాగూ ఉంటాయి. ఈ వ్యాసంలో మాత్రం ఆ గదిలో మేము చేసిన ఒక పొరపాటును, దాని వల్ల మేమూ పిల్లలూ నేర్చుకున్న ఒక పాఠాన్ని మీ ముందు పెడుతున్నాం.

ఒక సాయంత్రం ఇంటర్నెట్ ఆగిపోయింది. డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూపించే కమాండ్ ఏదని అడిగింది. మా కంప్యూటర్లలో ఉన్నది లైనక్స్. "నెట్ ఎందుకమ్మా, ఆప్రొపో స్పేస్ అని కొట్టి చూడు" అన్నాం. "నథింగ్ అప్రోప్రియేట్" అని జవాబు వచ్చింది. పక్క కంప్యూటర్‌లోనూ అదే మాట. సమాధానం ఉన్న పేజీ ఆ డిస్క్‌లోనే ఉంది. దాన్ని చూపించే సూచిక మాత్రం లేదు.

మాన్యువల్ కథ

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ అనే వ్యవస్థను తయారుచేశారు. దాని మొదటి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. ఆ సంప్రదాయమే నేటి లైనక్స్‌కూ వచ్చింది. ఒక్కో కమాండ్‌కు ఒక్కో పేజీ ఉంటుంది. "మ్యాన్" అని కొట్టి పక్కన కమాండ్ పేరు రాస్తే ఆ పేజీ తెరుచుకుంటుంది. పేజీలన్నీ అంకెల వారీగా విభాగాలై ఉంటాయి. 1వ విభాగంలో అందరూ వాడే కమాండ్లు, 3లో ప్రోగ్రాములు రాసేవారికి కావలసిన ఫంక్షన్లు, 5లో ఫైళ్ల రూపాలు, 8లో నిర్వాహకుల కమాండ్లు ఉంటాయి.

చిక్కల్లా ఒక్కటే. పేరు తెలిస్తేనే పేజీ తెరవగలం. కొత్తగా నేర్చుకునేవారికి తెలియనిదే ఆ పేరు! "నాకు ఈ పని కావాలి" అని అడిగితే పేరు చెప్పే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటే ఆప్రొపో.

సూచిక తయారయ్యే తీరు

ప్రతి పేజీ మొదట్లో "నేమ్" అనే శీర్షిక కింద ఒక్క వాక్యం ఉంటుంది. కమాండ్ పేరు, ఒక గీత, అది చేసే పని. ఉదాహరణకు, "సీపీ - కాపీ ఫైల్స్ అండ్ డైరెక్టరీస్". మ్యాన్‌డీబీ అనే కమాండ్ డిస్క్‌లోని పేజీలన్నిటినీ చదివి, ఈ ఒక్కో వాక్యాన్ని ఏరి ఒక చిన్న పట్టికలో రాసుకుంటుంది. ఆప్రొపో వెతికేది ఆ పట్టికలోనే. అందుకే జవాబు వెంటనే వస్తుంది. పట్టికతో పని లేకుండా పేజీలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివి వెతకమని కూడా మ్యాన్‌కు చెప్పవచ్చు. కానీ దానికి చాలా సమయం పడుతుంది. గ్రంథాలయంలో కార్డులు తిరగేయడానికీ, అల్మారాల్లోని ప్రతి పుస్తకాన్నీ చదవడానికీ ఉన్న తేడా ఇది.

మేము చేసిన పొరపాటు ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. ఒక కంప్యూటర్ నుంచి మాన్యువల్ పేజీలను మిగతా వాటికి కాపీ చేశాం. మ్యాన్‌డీబీని నడపడం మరిచిపోయాం. పట్టిక దానంతట అదే తాజా అయ్యే ఏర్పాటు ఉన్నా, పాత కంప్యూటర్లు వేగంగా నడవాలని దాన్ని కూడా మేమే ఆపేశాం. ఆ రాత్రి ఒక్కో కంప్యూటర్‌లో ఒక్క కమాండ్ కొట్టేసరికి పని పూర్తయింది. మరునాడు "స్పేస్" అని వెతికితే వచ్చిన జాబితాలో డీఎఫ్, డీయూ రెండూ ఉన్నాయి. మొదటిది డిస్క్‌లో ఎంత వాడారో, ఎంత మిగిలిందో చూపుతుంది. రెండోది ఏ ఫైలు ఎంత చోటు తీసుకుందో లెక్కగడుతుంది.

ఇంకాస్త పెద్ద సూచిక

మ్యాన్‌డీబీది కార్డుల పద్ధతి. పెద్ద సాఫ్ట్‌వేర్‌ల పత్రాలకు అది చాలదు. అక్కడ ప్రతి మాటకూ, అది ఏయే పేజీల్లో ఉందో రాసిన తలకిందుల పట్టిక కావాలి. డాక్సిజన్ అనే సాఫ్ట్‌వేర్‌తో పత్రాలు తయారుచేసేవారికి డాక్సీఇండెక్సర్ అనే కమాండ్ ఉంది. అది జేపియన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైబ్రరీ సాయంతో ఇలాంటి పట్టికనే కడుతుంది. ఒక మాట 4, 9, 17 పేజీల్లో, రెండో మాట 9, 17, 30 పేజీల్లో ఉంటే, రెండూ కావాలన్నవారికి 9, 17 చూపితే సరిపోతుంది. ఏ పేజీనీ మళ్లీ చదవక్కర్లేదు.

ఈ పద్ధతి కంప్యూటర్ కంటే పాతది. ఖురాన్‌లోని ఏ పదం ఎక్కడెక్కడ వచ్చిందో చూపే ఈజిప్టు పండితుడు ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ పదసూచిక మనలో చాలామందికి తెలుసు. అందులో పదాలు ధాతువుల వారీగా ఉంటాయి. కితాబ్, కాతిబ్, మక్తబ్ మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చినవని మనకు తెలుసు. కంప్యూటర్ సూచికలు కూడా మాటల చివరలు తుంచి, మూలరూపం కింద చేరుస్తాయి. ఇంగ్లీషులో ఇది కొంత తేలిక. తెలుగులో "పుస్తకం, పుస్తకాలు, పుస్తకంలో, పుస్తకాలకు" అని ఒక్క మాటే ఎన్నో రూపాలు తొడుక్కుంటుంది కాబట్టి కష్టం ఎక్కువ.

సూచికకు అర్థం తెలియదు

అసలు పాఠం ఇక్కడుంది. ఫైలు తీసేయడానికి ఒక అబ్బాయి "డిలీట్" అని వెతికాడు. ఫైళ్లు తీసేసే కమాండ్ ఆర్ఎం ఆ జాబితాలో లేదు. దాని వాక్యంలో ఉన్న మాట "రిమూవ్". వచ్చిన వాటిలో యూజర్‌డెల్ ఉంది. నిర్వాహకుడి అనుమతి ఉంటే అది ఒక మనిషి ఖాతానే తీసేస్తుంది! అలాగే "ఫోల్డర్" అని వెతికితే ఎంకేడిర్ దొరకదు. అక్కడ రాసి ఉన్నది "డైరెక్టరీస్". సూచిక చూసేది అక్షరాలనే. మన మనసులో ఉన్న పని దానికి తెలియదు. ఇంగ్లీషు మీడియం పిల్లవాడు ఒక మాట తప్పితే ఇంకో మాట ప్రయత్నిస్తాడు. తెలుగు, ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలకు ఆ రెండో మాట తట్టదు. "ఇందులో లేదు" అని లేచిపోతారు. లోపం తమదే అనుకుంటారు. మాకు బాధ కలిగించింది అదే.

అందుకే గదిలో ఒక నోటుపుస్తకం పెట్టాం. ఎడమ పక్క పిల్లల మాట, కుడి పక్క మాన్యువల్ మాట. తీసేయడం: రిమూవ్. ఫోల్డర్: డైరెక్టరీ. ఖాళీ చోటు: స్పేస్. ఎవరికి కొత్త మాట దొరికితే వారే రాస్తారు. మొదటి వరస రాసింది ఆ డిగ్రీ అమ్మాయే. జాబితాలో కమాండ్ కనబడగానే నడపకూడదని, ముందు దాని పేజీ తెరిచి చదవాలని కూడా ఆ పుస్తకం మొదటి పుటలో రాసిపెట్టాం.

దాతలకు మా మనవి ఒక్కటే. మీరు ఇచ్చిన కంప్యూటర్లు బాగా పనిచేస్తున్నాయి. వాటిలో ఉన్న జ్ఞానం పిల్లల చేతికి అందేలా చూడవలసిన బాధ్యత మాది. అందులో ఒకసారి తప్పాం, సరిదిద్దుకున్నాం. మీ ఇళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న అబ్బాయిలు, అమ్మాయిలు ఉంటే, సెలవు రోజున ఒక గంట మా గదికి పంపండి. డబ్బు తేనక్కర్లేదు. ఆ నోటుపుస్తకంలో పది మాటలు రాసి వెళ్తే చాలు. రేపు నెట్ లేని సాయంత్రం, ఇంకో అమ్మాయికి ఆ పది మాటలే దారి చూపిస్తాయి.