నారబలిత ప్లాస్టిక్ భాగాల అరుగుదల నిరోధం: పూరకంగా వరి ఊక బూడిద

విత్తన గొర్రులోని ప్లాస్టిక్ పళ్లెం అరిగితే దాని రంధ్రాలు వెడల్పవుతాయి. విత్తన మోతాదు మారి మొక్కల సాంద్రత దెబ్బతింటుంది. కనుక అరుగుదల సేద్య శాస్త్రానికి కూడా సంబంధించిన విషయమే. గాజు నారతో బలపరచిన ప్లాస్టిక్ తేలికైనది, తుప్పు పట్టనిది. దాని అరుగుదలను తగ్గించడానికి రెజిన్‌లో సూక్ష్మ రేణువులను పూరకాలుగా కలుపుతారు. పూరకాన్ని ఎంచుకొనే ముందు అరుగుదల స్వభావాన్ని గుర్తించాలి.

నునుపైన లోహంపై ప్లాస్టిక్ జారేటప్పుడు కలిగేది జారుడు అరుగుదల. ఇక్కడ గ్రాఫైట్ ఘర్షణను తగ్గిస్తుంది. అల్యూమినా, సిలికా వంటి గట్టి రేణువులు భారాన్ని పంచుకొంటాయి. ఇసుక రేణువులు ఉపరితలాన్ని కోయడం వలన కలిగేది రాపిడి అరుగుదల. చల్కా నేలల ఇసుకలో ప్రధానమైన క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ మానంలో 7. గాజు నార అంతకంటె మెత్తనిది. ఇసుక ముందుగా రెజిన్‌ను తొలుస్తుంది. ఆసరా కోల్పోయిన నార విరిగి ఊడిపోతుంది.

రాట్నర్–లాంకాస్టర్ సంబంధం ప్రకారం, ప్లాస్టిక్ రాపిడి అరుగుదల దాని తెగుబలం, తెగేనాటి సాగుదలల లబ్ధానికి విలోమానుపాతంలో ఉంటుంది. పూరకం వలన కాఠిన్యం పెరిగినా సాగుదల తగ్గుతుంది. అందువలన జారుడు అరుగుదలలో మేలు చేసిన పూరకమే రాపిడిలో కీడు చేయవచ్చు.

మిర్యాలగూడ వంటి మిల్లు కేంద్రాలలో ఊక బూడిద విరివిగా లభిస్తుంది. వడ్ల బరువులో సుమారు 20 శాతం ఊక, ఊకలో సుమారు 20 శాతం బూడిద; అంటే టన్ను వడ్లకు దాదాపు 40 కిలోలు. బాగా కాలిన బూడిదలో 85–95 శాతం సిలికా ఉంటుంది. దాదాపు 700 డిగ్రీల సెల్సియస్ లోపు కాల్చినప్పుడు సిలికా అస్ఫటిక రూపంలో నిలుస్తుంది; వేడి మించితే స్ఫటికంగా మారుతుంది. స్ఫటిక సిలికా ధూళి సిలికోసిస్‌కు కారకం కనుక బూడిదను నూరేవారు, జల్లించేవారు తగిన మాస్కు ధరించాలి.

ప్రయోగానికి బూడిదను జల్లించి, తేమ లేకుండా ఆరబెట్టి, రెజిన్‌తో బంధం కుదరడానికి సైలేన్‌తో శుద్ధి చేయాలి. బరువులో 0, 5, 10, 15 శాతం మోతాదులను పోల్చాలి. మోతాదు మించితే రెజిన్ చిక్కబడి, రేణువులు ముద్దకట్టి, గాలి బుడగలు మిగులుతాయి. జారుడుకు పిన్–ఆన్–డిస్క్ పరీక్షను, రాపిడికి పొడి ఇసుక–రబ్బరు చక్రం పరీక్షను జరపాలి. బరువు నష్టాన్ని సాంద్రతతో భాగించి ఘనపరిమాణ నష్టంగా నమోదు చేయాలి.

బుష్‌లు, విత్తన పళ్లేలు ఈ పరీక్షకు తగినవి. నేలను చీల్చే కర్రు మొనకు మాత్రం ఉక్కే శ్రేయస్కరం. పిన్–ఆన్–డిస్క్ ఫలితం ఒక్కదానినే ఆధారం చేసుకొని రైతుకు సిఫారసు చేయరాదు. పొలంలో నిర్ణీత విస్తీర్ణం విత్తిన తరువాత విత్తన మోతాదును తిరిగి కొలిచి నిర్ధారించాలి.