తుపాను బలాన్ని లెక్కగట్టే కొలువులు

తుపాను ఇంకా నడిసముద్రంలో ఉండగానే దాని గాలి వేగం ఎంతో టీవీల్లో చెబుతుంటారు. అక్కడికి వెళ్లి కొలిచిందెవరు? అమెరికాలో ప్రత్యేక విమానాలు తుపానులోకే దూసుకెళ్లి పరికరాలు జారవిడుస్తాయి. బంగాళాఖాతంలో మనకు ప్రధాన ఆధారం ఉపగ్రహ చిత్రమే. మేఘాల సుడి ఎంత బిగుసుకుంది, కన్ను ఎంత స్పష్టంగా ఉంది, మేఘాల పైభాగం ఎంత చల్లబడింది అన్నవి చూసి నిపుణులు ‘టీ నంబరు’ వేస్తారు. 1970ల్లో వెర్నన్ డ్వోరాక్ రూపొందించిన ఈ పద్ధతినే భారత వాతావరణ శాఖ ఇప్పటికీ వాడుతోంది. తీరం దగ్గరపడ్డాక విశాఖ, మచిలీపట్నం డాప్లర్ రాడార్లు తోడవుతాయి.

తుపాను బతికినంత కాలం చూపిన బలాన్ని చెప్పే కొలమానం మరొకటి ఉంది: ‘ఏసీఈ’. ఆరు గంటలకోసారి గరిష్ఠ గాలి వేగాన్ని నాట్లలో తీసుకుని వర్గం చేసి, అన్నీ కూడి, పదివేలతో భాగిస్తారు. 34 నాట్లకు తగ్గితే లెక్కలోకి రాదు. 40 నాట్లకు 1600, 80 నాట్లకు 6400. వేగం రెట్టింపైతే అంకె నాలుగింతలు! 2023లో హిందూ మహాసముద్రాన్ని దాటి మడగాస్కర్, మొజాంబిక్‌లను ముంచిన ఫ్రెడ్డీ ఐదు వారాలు బతికింది కాబట్టే దాని ఏసీఈ బాగా పెరిగింది. అయితే వాన, ఉప్పెన ఈ లెక్కలో లేవు. ప్రాణాలు ఎక్కువగా తీసేది నీరే గనుక, ఈ అంకె ఒక్కటే చూసి ప్రమాదాన్ని అంచనా వేయకూడదు.

ఈ రంగానికి రావాలంటే ఇంటర్‌లో ఎంపీసీ, ఆపైన ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ లేదా బీటెక్ చేయాలి. ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల్లో వాతావరణ, సముద్ర శాస్త్రాల పీజీ కోర్సులున్నాయి. గేట్‌లోనూ ఈ సబ్జెక్టుకు విభాగం ఉంది. వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులను ఎస్‌ఎస్‌సీ భర్తీ చేస్తుంది. నోటిఫికేషన్ ఏటా రాదు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. ఉప్పెన హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లోనే ఉంది. నష్టం అంచనా వేసే బీమా సంస్థలకూ, పవన విద్యుత్ కంపెనీలకూ ఈ నైపుణ్యం కావాలి.

సీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. వాతావరణ శాఖ ఇచ్చే తుపాను మార్గాల డేటాలో 2014 హుద్‌హుద్ తీసుకుని, పైథాన్‌లో ఏసీఈ మీరే లెక్కగట్టండి. మన శాఖ దాని గరిష్ఠ వేగం గంటకు 185 కిలోమీటర్లంటే, అమెరికా లెక్క 215 అంటుంది. మనవాళ్లు మూడు నిమిషాల సగటు తీసుకుంటారు, వాళ్లు ఒక నిమిషం సగటు. ఏ డేటా వాడారో, ఎందుకు వాడారో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో మొదట అడిగేది అదే కావచ్చు.