రాబోవు హాకీ ప్రపంచ కప్పు – ఒక్క గోలు వెలితి

2026 ఆగస్టు మాసమున నెదర్లాండ్సు, బెల్జియము దేశములయందు హాకీ ప్రపంచ కప్పు పోటీలు జరుగుటకు ఏర్పాటైనవి. మన పురుషుల జట్టు 2025 సెప్టెంబరు 7వ తేదీని బీహారులోని రాజగీరున దక్షిణ కొరియాను 4-1 గోలులతో నోడించి, ఆసియా కప్పును గైకొని, వానికి అర్హత సంపాదించుకొన్నది. ఆ విజయము చూచి ప్రపంచ కప్పు కూడ మన యింటికి వచ్చినట్లే సంబరపడువారు కొందఱు. 1975లో కౌలాలంపూరున గెలిచిన పిమ్మట మరల దక్కని కప్పు ఇక దక్కునా యని నిట్టూర్చువారు కొందఱు. మేము ఈ యిరుపక్షములలోను చేరము. జరిగిన యాటలను కొంచెము లెక్క చూచి మాటలాడుట మేలని తలంచుచున్నాము.

పోటీలు జరుగు రెండు చోట్లలో ఒకటి ఆమ్‌స్టెల్వీన్. అది ఆమ్‌స్టర్‌డామ్ నగరమును ఆనుకొనియున్న పట్టణము. ఆమ్‌స్టర్‌డామునందే 1928లో మనకు ఒలింపిక్ హాకీలో మొదటి స్వర్ణపతకము లభించినది. నాటి జట్టునకు నాయకుడైన జైపాల్ సింగ్ రాంచీలో మిషను పాఠశాలయందు చదివిన ముండా తెగ బాలుడని మన విద్యార్థు లెఱుగవలెను. ఆమ్‌స్టెల్వీన్ పేరు మాత్రము మనకు మింగుడుపడనిది. 1973 ప్రపంచ కప్పు తుది పోటీలో మనవారు అచ్చట రెండు గోలులు ముందుండియు, నిలుపుకొనలేక 2-2తో సమానులై, పెనాల్టీ స్ట్రోకులలో నెదర్లాండ్సు జట్టునకు లోబడిరి.

అది పాత కథ యనవచ్చును. కాని 2023 జనవరిలో భువనేశ్వరమున జరిగిన ప్రపంచ కప్పులో న్యూజిలాండుపై 3-1తో ముందుండి, 3-3 చేసికొని, షూటౌట్‌లో ఓడి క్వార్టరు ఫైనలైనను చేరకపోతిమి. 2025 జూనులో ప్రో లీగు ఆటలకై ఐరోపాకు వెళ్లి వరుసగా 7 ఆటలు పోగొట్టుకొంటిమి. వార్తాపత్రికలలో ఏడు ఓటములని చదివి మేమును మొదట దిగులుపడితిమి. పిమ్మట గోలులు లెక్కింపగా, వానిలో 6 ఆటలు ఒక్కొక్క గోలు తేడాతో పోయినవని తేలినది. ఎనిమిదవ యాటలో బెల్జియమును 4-3తో గెలిచితిమి; అచ్చటను తేడా ఒక్క గోలే!

ఆ యొక్క గోలు ఎచ్చటినుండి రావలెను? మన జట్టు చాలకాలముగా పెనాల్టీ కార్నరుపై ఆధారపడుచున్నది. దీనియందు గోలు కంబమునకు కనీసము 10 మీటర్ల దూరమున, మైదానపు వెనుకగీతపైనుండి బంతిని త్రోయుదురు. అది అర్ధవృత్తము వెలుపలికి పోయి వచ్చినగాని గోలునకు ప్రయత్నింపరాదు. అడ్డగించువారు గోలుకీపరుతో కలిసి ఐదుగురే. తక్కినవారు మైదానము నడిమిగీతకు ఆవల నిలువవలెను. మొదట కఱ్ఱతో బలముగా కొట్టిన బంతి 460 మిల్లీమీటర్ల యెత్తు మించి గోలు గీత దాటరాదు. ఈడ్చి విసరిన బంతికి ఈ నిర్బంధము లేదు. డ్రాగ్ ఫ్లిక్ అనెడి ఈ విద్యలో కెప్టెను హర్మన్‌ప్రీత్ సింగ్ ఆరితేరినవాడు. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో మన జట్టు వేసిన 15 గోలులలో 10 అతనివే. గర్వింపదగినదే గాని, ఒక్క స్తంభముపై కప్పు నిలిచిన యిల్లు చూచినట్లు మాకు కొంత భయమును కలిగినది.

అందుచేతనే రాజగీరు తుది పోటీ మాకు మిక్కిలి సంతోషము కలిగించినది. ఆనాటి నాలుగు గోలులలో ఒక్కటియు హర్మన్‌ప్రీత్‌ది కాదు. సుఖ్‌జీత్ సింగ్ మొదటి నిమిషముననే ఒకటి, దిల్‌ప్రీత్ సింగ్ రెండు, అమిత్ రోహిదాస్ ఒకటి వేసిరి. ఆధారము పలువురిపై పడిన జట్టును ఆపుట కష్టము.

ఇక గోలు కాచుట. పారిస్‌లో గ్రేట్ బ్రిటనుతో నలువది నిమిషములకు పైగా పదిమందితోనే పోరాడి షూటౌట్‌లో గెలిచిన దినమున శ్రీజేశ్ గోలు ముందు నిలిచియుండెను. ఆ క్రీడలు ముగియగానే ఆయన విరమించెను. అట్టివాని తావు ఏడాదిలోనో రెండేండ్లలోనో నిండునది కాదు. మా మట్టునకు ముందు వరుసకన్న వెనుక వరుసను గూర్చియే యెక్కువ చింత.

మన జట్టు సెమీఫైనలు చేరునని మా నమ్మకము. అంతకుమించి చెప్పుమన్న, ఆట చివరి 15 నిమిషములను చూపి యూరకుందుము. ఆగస్టులో ఆటలు చూచు విద్యార్థులు ఒక కాగితముపై నాలుగు గడులు గీసి, ఏ క్వార్టరులో మనకు గోలు పడినదో వ్రాసికొందురు గాక. నాలుగవ గడి ఖాళీగా నున్న దినమున మాకు కబురంపుడు.